ఎవరూ పడని ఆశ్రమం

మా మలిసంధ్య నిలయంలో తొంభై తొమ్మిది రోజుల పాటు ఒక్కరంటే ఒక్కరు పడలేదు. ముప్ఫై ఆరుగురు నివాసులం, సగటు వయసు డెబ్భై ఏడు. ఇది ఎలా సాధ్యమైందని చుట్టుపక్కల ఆశ్రమాల వాళ్ళు వచ్చి అడుగుతున్నారు. ఆ రికార్డు రాసినవాణ్ణి నేనే కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పడం నా బాధ్యత. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. పడాలంటే మనిషి ముందు నిలబడాలి. ఆ మొదటి పొరపాటు జరగకుండా మావాళ్ళు చూసుకున్నారు.

నా గురించి ఒక ముక్క. నలభై ఏళ్ళు రిజిస్ట్రారాఫీసు అరుగు మీద కూర్చుని దస్తావేజులు రాశాను. తూర్పు గట్టు పడమటికి జరిగినా, బతికున్నవాడు చనిపోయినట్టు తేలినా, దానికి తగిన వాక్యం నా దగ్గర ఉండేది. ఇక్కడ అందరూ నన్ను లేఖరి గారూ అంటారు. నా దస్తూరీ బాగుంటుందని ఆశ్రమం సూపరింటెండెంటు కామేశం గారు తన కాగితాలన్నీ నాచేతే రాయిస్తారు. ఆయనకి రాయడం రాదని కాదు, రాసినవాడు సంతకం చెయ్యక్కర్లేదని, సంతకం చేసినవాడు రాయలేదని తర్వాత చెప్పుకోవడానికి వీలుంటుందని.

మొదట అంతా ఒక కుళాయితో మొదలైంది. భోజనాల హాలు గుమ్మం పక్కన చేతులు కడుక్కునే కుళాయి ఉంది. అది ఏడాదిగా కారుతోంది. ఆ తడిలో కాలు జారి ఒకావిడ తుంటి విరగ్గొట్టుకుంది. మా నర్సు రత్నకుమారి సిస్టర్ ఆ సాయంత్రమే నాలుగు లైన్లు రాసి సూపరింటెండెంటు గారికిచ్చింది. కుళాయికి వాషరు వేయించాలి. గోడ పొడుగునా పట్టుకోవడానికి కమ్మీ పెట్టించాలి. వసారాలో మాడిపోయిన బల్బు మార్చాలి. అందరిచేతా రోజూ కాసేపు నడిపించాలి, కాళ్ళలో సత్తువ ఉంటే మనిషి తూలినా నిలదొక్కుకుంటాడు.

అంతే కాగితం. ఇంత చిన్న కాగితం పైకి పంపితే ఆఫీసు పరువు పోతుందని కామేశం గారు దానికి ఒక కవరింగ్ లెటరు పెట్టారు. జిల్లాలో దానికి ఒక నోటు పెట్టారు. ఆ పైవాళ్ళు ఒక కమిటీ వేశారు. ఐదు నెలలకి సిస్టర్ నాలుగు లైన్లూ అరవై నాలుగు పేజీలై తిరిగొచ్చాయి. అట్ట మీద 'పతన రహిత వృద్ధాశ్రమ పథకం' అని ఉంది. లోపల ఎంత వెతికినా కుళాయి లేదు.

పథకంతో పాటు ఒక నోడల్ ఆఫీసరు కూడా వచ్చారు. చక్రధర్ గారని, అంతకు ముందు పశుగణనలో పనిచేశారట. మమ్మల్నందర్నీ హాల్లో కూర్చోబెట్టి, వరసల వెంట వేలితో లెక్కపెట్టుకుని, తృప్తిగా తలాడించి ఉపన్యాసం మొదలుపెట్టారు.

"పెద్దలారా! పతనమనేది వ్యక్తిగత సమస్య కాదు, వ్యవస్థాగత సమస్య. దీన్ని మనం మిషన్ మోడ్‌లో ఎదుర్కోబోతున్నాం. ముందుగా నిర్వచనం. నివాసి దేహములో పాదములు మినహా ఏ భాగమైనను నేలను తాకిన యెడల అది పతనముగా పరిగణింపబడును. నూరు రోజులు సున్నా పతనాలు సాధించిన ఆశ్రమానికి స్వర్ణపాద పురస్కారం!"

"మరి కుళాయి సార్?" అంది సిస్టర్.

"కుళాయి ఇంజనీరింగు విభాగం కిందికి వస్తుందమ్మా. మనది ప్రవర్తనా విభాగం."

ఆ పూటే నాకు పతనాల పుస్తకం అప్పజెప్పారు. ఎవరు పడ్డా అందులో రాయాలి. నేను నిర్వచనం ముందు పెట్టుకుని నిజాయితీగా రాయడం మొదలుపెట్టాను. నిర్వచనం ప్రకారం మా ఆశ్రమంలో అందరికంటే ఎక్కువగా పడే మనిషి పాపాయమ్మ గారని మొదటి రోజే తేలిపోయింది.

పాపాయమ్మ గారికి డెబ్భై నాలుగేళ్ళు. కుర్చీ అంటే ఆవిడకి గిట్టదు. కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటే బస్సు కోసం కాచుకున్నట్టుంటుందంటుంది. పొద్దున్న ఆరున్నరకి ఆడవాళ్ళ వైపు వసారాలో కాళ్ళు బారజాపి కూర్చుని టీ తాగుతుంది. తొమ్మిదింటికి వంటింటి గుమ్మంలో కత్తిపీట వేసుకుని కూరలు తరిగిపెడుతుంది. ఎవరూ అడగరు, అలవాటు. పుస్తకంలో నా మొదటి నమోదు ఇలా ఉంది: 'పతన సమయం, ఉదయం తొమ్మిది. కారణం, వంకాయలు తరుగుట. పతన వ్యవధి, నలభై నిమిషాలు. గాయములు, లేవు. పతనానంతర పరిస్థితి, కొత్తిమీర అడుగుచున్నారు.'

ఆవిడ భర్త అబ్బులు గారు. కాలవ మీద లస్కరుగా ముప్ఫై అయిదేళ్ళు చేశారు. లాకు తలుపులు చూసుకుంటూ, గండి పడకుండా రోజుకి పది మైళ్ళు కాలవ గట్టు మీద నడిచిన మనిషి. ఉద్యోగం అయ్యాక క్వార్టరు ఖాళీ చేసి ఇద్దరూ ఇక్కడికొచ్చారు. మా ఆశ్రమంలో మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు. భార్యాభర్తలకి మినహాయింపు ఇస్తే మిగతావాళ్ళు చెడిపోతారని ఎప్పుడో ఎవరో రాసిన నిబంధన. అబ్బులు గారు దానితో తగువు పెట్టుకోలేదు. రోజూ ఆరున్నరకి మంచం దిగి, వసారా వెంట నడిచి వెళ్ళి, భార్య పక్కన నేల మీద కూర్చుని టీ తాగి వచ్చేవారు. ఆయన మంచం నుంచి ఆవిడ కూర్చునే చోటికి నలభై మూడు అడుగులు. గట్టు కొలిచిన అలవాటు కదా, ఆయనకి ఏ దూరమైనా లెక్కే.

ఆ టీ కూడా నిర్వచనం కిందికి వచ్చింది. 'పతనమైన వారు ఇద్దరు. ఏకకాలమున. టీ త్రాగుచున్నారు.'

వారం తిరిగేసరికి పుస్తకంలో నూట ఎనభై మూడు పతనాలు తేలాయి. నిజంగా కాలు జారింది ఒకటి, అది కుళాయి దగ్గర. చక్రధర్ గారు పుస్తకం చూసి చెమటలు తుడుచుకున్నారు.

"జిల్లాలో ఇంత దారుణమైన సంస్థ ఇంకోటి లేదండి. ఈ పాపాయమ్మ అనే కేసు చూడండి, రోజుకి నాలుగు సార్లు! అదీ ఒకే టైముకి! ఇది వ్యసనం కిందికి వస్తుంది."

"కింద కూర్చోవడమండి అది," అన్నాను.

"కూర్చోవడమనేది నెమ్మదిగా జరిగే పతనమండి లేఖరి గారూ."

నలభై ఏళ్ళు దస్తావేజులు రాసినవాణ్ణి, మంచి వాక్యం వినపడితే గౌరవించకుండా ఉండలేను.

మర్నాడు నేల నిషిద్ధమైంది. పీటలు, చాపలు, కత్తిపీట అన్నీ స్టోర్రూములో పెట్టి తాళం వేశారు. చేతుల కుర్చీలు ముప్ఫై ఆరు వచ్చాయి. అక్కణ్ణుంచి నూరు రోజుల లెక్క మొదలు.

మూడో రోజున నడక అనుమతి పత్రం వచ్చింది. ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఏ పని మీద, తిరిగి వచ్చే ఉద్దేశం ఉన్నదా లేదా అన్నీ పూర్తిచేసి ముందురోజు సాయంత్రం అయిదు లోపల ఇవ్వాలి. పదో రోజున చేతికర్రలు తీసేసుకున్నారు, కర్ర చేతిలో ఉంటే మనిషికి నడుద్దామన్న దురుద్దేశం పుడుతుందని. పన్నెండో రోజున చెప్పులు. పదిహేనో రోజున ప్రమాద స్థాయి నిర్ధారణ జరిగింది. ఇదివరకు పడ్డవాళ్ళు మళ్ళీ పడతారు కాబట్టి ఎక్కువ ప్రమాదం. ఇంతవరకు పడనివాళ్ళకి పడే వంతు ఇంకా రాలేదు కాబట్టి మరీ ఎక్కువ ప్రమాదం.

ఇరవయ్యో రోజున పట్టీలు వచ్చాయి. నడుం చుట్టూ తిప్పి కుర్చీ వెనక బిగించేవి. కట్టెయ్యడమని ఎవరైనా అనుకుంటారేమోనని వాటికి 'ఆప్యాయతా పట్టీ' అని పేరు పెట్టారు. టైము ప్రకారం ఆయాలు వచ్చి విప్పి, చక్రాల కుర్చీలో బాత్రూముకి తీసుకెళ్ళి, తెచ్చి మళ్ళీ ఆప్యాయంగా బిగించేవాళ్ళు.

నాకు మాత్రం పట్టీ లేదు. పుస్తకం రాసేవాడు అటూ ఇటూ తిరగాలి కదా. ఇది దాచుకుంటే నా కథ అబద్ధమవుతుంది. నేను ఆ పుస్తకం వదల్లేదు, ఎందుకంటే వదిలితే నన్నూ కడతారు.

అబ్బులు గారు అనుమతి పత్రం నాచేతే రాయించారు. 'పని' అన్న చోట ఏం రాయమంటారని అడిగాను.

"టీ అని రాసెయ్యండి. ఇంకేం పనుంటదండి నాకు?"

మూడు రోజులకి జవాబు వచ్చింది. నివాసికి టీ నివాసి వద్దకే పంపబడును, కావున నడక అనవసరము. కామేశం గారు స్వయంగా వచ్చి చదివి వినిపించారు.

"టీ కాదండి బాబూ, నేను ఎళ్ళాలి," అన్నారు అబ్బులు గారు.

"వెళ్ళి ఏం చేస్తారు?"

"టీ తాగుతానండి."

"అదే కదా పంపిస్తున్నాం!"

"ఆవిడ కాడ తాగుతానండి."

కామేశం గారు చెడ్డవారు కాదు. రెండు రోజులు ఆలోచించి ఒక ఏర్పాటు చేశారు. పొద్దున్న ఆరున్నరకి సిస్టర్ మగవాళ్ళ వైపు ఒక ఫోను పట్టుకుంటుంది, ఆయా ఆడవాళ్ళ వైపు ఒక ఫోను పట్టుకుంటుంది, మొగుడూ పెళ్ళాం వీడియోలో చూసుకుంటూ టీ తాగొచ్చు. చక్రధర్ గారు దానికి 'డిజిటల్ దాంపత్య సేవ' అని పేరు పెట్టి నివేదికలో ఎక్కించుకున్నారు. మధ్యలో గోడ కూడా లేదు, పాపాయమ్మ గారు మాట్లాడితే ఫోనులో కంటే ముందు వసారాలోంచే వినబడేది.

"ఏవండీ, గెడ్డం గీసుకోలేదేంటి?"

"గీసుకునే రోజు బుధవారం అంట. రాసేరు."

"కాళ్ళెలా ఉన్నాయి?"

ఆయన ఫోను వైపు చూసి, కాళ్ళ వైపు చూసి, టీ తాగేశారు.

యాభయ్యో రోజు దాటాక ఆయన పిక్కలు కరిగిపోవడం మొదలుపెట్టాయి. మంచం మీద కూర్చోబెట్టినప్పుడు సిస్టర్ నాకు చూపించింది. కాలవ గట్టు మీద అరిగిన పాదాలు అలాగే ఉన్నాయి గానీ, పైన పిక్క చోట వదులు చర్మం తప్ప ఏమీ లేదు. సిస్టర్ కోపంగా ఆఫీసులోకి వెళ్ళింది. నేను పుస్తకం పట్టుకుని వెనకే వెళ్ళాను.

"ఇంకో నెల ఇలాగే కడితే ఈయన జన్మలో నడవరు సార్. ఈయనొక్కరే కాదు, సగంమంది అంతే."

"సిస్టర్, కాళ్ళు మన పథకం పరిధిలోకి రావమ్మా," అన్నారు కామేశం గారు, బాధపడుతూనే. "పతనం ఒక్కటే వస్తుంది. కాళ్ళకి వేరే పథకం వస్తే అప్పుడు చూద్దాం."

బయటికొచ్చాక సిస్టర్ నన్ను చూసింది. "మీరు రోజూ సున్నా అని రాస్తున్నారు కదా లేఖరి గారూ. ఆ కాళ్ళు కూడా సున్నా అయిపోతున్నాయని ఎక్కడన్నా రాశారా?" అంది. దానికి గడి పుస్తకంలో లేదన్నాను. అని, నా గదికొచ్చి తలుపేసుకుని కూర్చున్నాను. నాకు సిగ్గేసింది. కానీ మర్నాడు కూడా సున్నాయే రాశాను.

నూరో రోజున సభ పెట్టారు. భోజనాల హాల్లో వేదిక, వేదిక మీద గుడ్డ కప్పిన బంగారు రంగు పాదం. మధ్యాహ్నం పైనుంచి బృందం వచ్చి దాన్ని చక్రధర్ గారి చేతికి ఇస్తుంది. పదకొండింటికి ముందుగా ఫొటోలు తియ్యాలి. ఫొటోలో పట్టీలు బాగోవని ఫొటోగ్రాఫరు అన్నాడు. చక్రధర్ గారు ఒక క్షణం ఆలోచించి, "పది నిమిషాల పాటు ఆప్యాయత సడలించండి," అని ఆజ్ఞాపించారు.

పట్టీలు విప్పారు. మగవాళ్ళు ఈ పక్క, ఆడవాళ్ళు ఆ పక్క, మధ్యలో నడవ. నడవకి ఆ చివర కుళాయి, టపటపా కారుతూ. దాని పక్క కుర్చీలో పాపాయమ్మ గారు. అబ్బులు గారు కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. ఎవరో 'కూర్చోండి, కూర్చోండి' అన్నారు. ఆయన వినిపించుకోలేదు. ఒకటి, రెండు అని లెక్కపెట్టుకోవడం నాకు వినబడుతూనే ఉంది. తొమ్మిది దాకా వచ్చారు. తొమ్మిది దగ్గర మోకాళ్ళు మడతపడిపోయి అక్కడే నేల మీద కూలబడ్డారు. కుళాయి తడి దాకా కూడా వెళ్ళలేకపోయారు.

చక్రధర్ గారి గొంతు ముందు లేచింది. "నేలకి తగిలారా? పూర్తిగా తగిలారా? మోకాలే అయితే ఏదో ఒకటి చూద్దాం!"

పాపాయమ్మ గారు కుర్చీలోంచి దిగింది. తడి తప్పించుకుని, వరస కుర్చీలు పట్టుకుని ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చి ఆయన పక్కన కాళ్ళు జాపి కూర్చుంది.

"తగిలిందేంటండీ?"

"లేదే. కాళ్ళే నా మాట ఇంటం లేదు."

"పోన్లెండి. నేనొచ్చేను కదా." అని ఆయన పాదం ఒళ్ళోకి తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది.

"రెండు!" అన్నారు చక్రధర్ గారు, ఏడుపు గొంతుతో.

అప్పుడు ఆడవాళ్ళ వైపునుంచి ఇంకొకావిడ దిగి కూర్చుంది, నూరు రోజులుగా నడుం పట్టేసిందంటూ. ఆవిడ పక్కన ఇంకొకావిడ. మగవాళ్ళలో ఒకాయన సిస్టర్ చెయ్యి ఊతగా పట్టుకుని దిగాడు. ఒకరికొకరు చెప్పుకోలేదు, సైగలు చేసుకోలేదు. కుర్చీలు ఖాళీ అవుతూ వచ్చాయి. ముప్ఫై అయిదు మంది నేల మీద చేరి, అబ్బా అనుకుంటూ కాళ్ళు జాపుకున్నారు. కుర్చీలో మిగిలింది నేనొక్కణ్ణే. పుస్తకం చంకలో పెట్టుకుని నేనూ దిగి కూర్చున్నాను. నేల చల్లగా, హాయిగా ఉంది.

"ముప్ఫై ఆరు పతనాలు! ఒకే నిమిషంలో!" చక్రధర్ గారు వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నారు. ఆయన కూడా నేల తాకుతారేమోనని కామేశం గారు వెనక నుంచి చొక్కా పట్టుకున్నారు. "లేఖరి గారూ, మధ్యాహ్నం బృందం వస్తుంది. ఏం రాస్తారు?"

"జరిగింది రాస్తానండి."

"అయ్యా, మీరు ఎన్నో దస్తావేజులు రాశారు. ఏదో ఒక వాక్యం ఉండకపోదు."

నేను కళ్ళజోడు తుడుచుకున్నాను. తొందరపడకూడదు. "మనుషులు నేల మీదికి రాలేదని రాయడం కుదరదు సార్. ఫొటోగ్రాఫరు తీసేశాడు. ఒకరూ ఇద్దరూ అయితే కాలు జారింది అనొచ్చు. ముప్ఫై ఆరుగురు ఒకే నిమిషంలో పడ్డారంటే తప్పు మనుషుల్లో ఉండదు. నేలలో ఉంటుంది."

"అంటే?"

"పథకం నలభై ఒకటో పేజీ. ప్రకృతి వైపరీత్యం వల్ల కలిగిన పతనములు లెక్కలోకి రావు. పదకొండూ ఇరవైకి ఇక్కడ భూమి కంపించింది."

కామేశం గారు కంగారుగా గోడ పట్టుకున్నారు. చక్రధర్ గారు మాత్రం నా రెండు చేతులూ పట్టుకున్నారు. భూకంపం నేను రాశాను, ఆయన ధ్రువీకరించారు, కామేశం గారు సాక్షి సంతకం చేశారు. మధ్యాహ్నం వచ్చిన బృందం, ఇంత విపత్తులోనూ ఒక్క గాయం లేకుండా నివాసుల్ని కాపాడినందుకు చక్రధర్ గారికి స్వర్ణపాదంతో పాటు శాలువా కూడా కప్పింది. సిస్టర్ నన్ను చూసిన చూపు మాత్రం ఆ పూట భరించలేకపోయాను. ఆవిడకి నలభై రెండో పేజీ సంగతి అప్పటికి తెలియదు.

నలభై రెండో పేజీ ఎవరూ చదవలేదు, నేను తప్ప. భూకంపం నమోదైన ఆశ్రమంలో నివాసులను ఎట్టి పరిస్థితుల్లోనూ కుర్చీలకు బంధించరాదు. ప్రతి రోజూ ఉదయం అందరిచేతా భవనం ఖాళీ చేయించే అభ్యాసం నడిపించి చేయించాలి. బయటికి వెళ్ళే దారి పొడుగునా చేతికమ్మీ, వెలుతురు ఉండాలి. భూకంపంలో దెబ్బతిన్నవి మూడు రోజుల్లో బాగుచేయించాలి. దెబ్బతిన్నవాటి జాబితాలో నేను ఒకే ఒక్కటి రాశాను. ఇంజనీరింగు విభాగం వాళ్ళు పరుగున వచ్చి కుళాయికి వాషరు వేశారు. బల్బు వెలిగింది. కమ్మీ వచ్చింది. తొమ్మిది నెలల క్రితం సిస్టర్ రాసిన నాలుగు లైన్లూ అలా అమలయ్యాయి. చేతికర్రలు, చెప్పులు, చాపలు, కత్తిపీట కూడా తిరిగొచ్చాయి, విపత్తు సహాయ సామగ్రి కింద.

ఇప్పుడు మా ఆశ్రమంలో రోజూ పొద్దున్న ఆరున్నరకి భూకంపం వస్తుంది. కామేశం గారు గంట కొట్టి, "భూమి కంపించుచున్నది, నివాసులందరూ నడచి బయటికి రావలెను," అని చీటీ చూసి చదువుతారు. అందరం కమ్మీ పట్టుకుని బయల్దేరుతాం. చేరుకోవాల్సిన సురక్షిత ప్రదేశం ఆడవాళ్ళ వైపు వసారా. ఆ కాగితం కూడా నేనే రాశాను.

అందరికంటే ఆఖర్న వచ్చేది అబ్బులు గారు. పాదం పైకి లేవదు, నేల మీద ఈడ్చుకుంటూ చిన్న చిన్న అడుగులతో రావాలి. సిస్టర్ పక్కనే ఉంటుంది గానీ పట్టుకోనివ్వరు. వచ్చి, కమ్మీ వదిలి, పాపాయమ్మ గారి భుజం మీద చెయ్యేసి నెమ్మదిగా నేల మీద కూర్చుంటారు. ఆవిడ టీ గ్లాసు ఆయన చేతికిచ్చి, వేళ్ళు సరిగ్గా పట్టుకున్నాయో లేదో చూసి వదులుతుంది.

పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. పతనాల గడిలో సున్నా రాసి, దాని పక్కన నేనే ఒక కొత్త గడి గీసుకున్నాను. ఆయన మంచం నుంచి ఆవిడ దగ్గరికి దూరం మారలేదు. ఇదివరకు అది నలభై మూడు అడుగులు. మొన్న నూట పద్దెనిమిది. నిన్న నూట పన్నెండు. ఇవాళ గ్లాసు అందుకుంటూ ఆయన నా వైపు తిరిగి, "నూట తొమ్మిదండి లేఖరి గారూ, రాసుకోండి," అన్నారు. రాసుకున్నాను.